అట్టముక్క వెనకవైపు

మార్చి 1, 2009. ఆదివారం.

మా సందులో నాలుగిళ్ళ కరెంటు లెక్క రాసే సందు పుస్తకం వేరు, ఇది వేరు. అందులో అంకెలుంటాయి, నలుగురూ చూస్తారు. ఇందులో నాకు తోచింది రాసుకుంటాను, ఎవరూ చూడరు. ముప్పైనాలుగేళ్ళు పిల్లలకు లెక్కలూ సామాన్యశాస్త్రమూ చెప్పినదాన్ని. ఈ రెండూ కలపకూడదు.

ఫిబ్రవరి రీడింగులు ఈరోజు పూర్తయ్యాయి. మా ఇల్లు 112 యూనిట్లు. పక్కింటి బెల్లం షావుకారు అప్పలనరసింహం ఇల్లు 248. మార్కెట్‌లో కాటా వేసే సన్యాసిరావు ఇల్లు 71. సందు చివర ఇడ్లీలు అమ్ముకునే తలుపులమ్మ ఇల్లు 19. మొత్తం 450. యూనిట్‌కు 0.8 కిలోల చొప్పున, ఒక్క కరెంటుకే 360 కిలోల బొగ్గుపులుసు వాయువు. ఈ లెక్క మా మనవరాలు షెకీనా తన కాలేజీ నుంచి తెచ్చిన కాగితంలో ఉంది. అది కాగితం తెచ్చి ఊరుకుంది. పని నేను మొదలుపెట్టాను.

లక్ష్యం: మే నెల వాడకం 300 దాటకూడదు. మూడోవంతు తగ్గాలి.

"బొగ్గుపులుసా! అదేటి కూర టీచరమ్మగారూ, ఎప్పుడూ తినలేదు" అన్నాడు సన్యాసిరావు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నేనే నవ్వితే రెండో నెలకు ఎవరూ రారు.

తలుపులమ్మ మాత్రం నవ్వకుండా అడిగింది. "నాకున్నది ఒక్క బల్బు, ఒక ఫ్యాను. నానేటి తగ్గించాల టీచరమ్మా?"

"నువ్వు పెంచకుండా ఉంటే చాలు" అన్నాను. జవాబు సరిగా లేదని చెబుతుండగానే తెలిసింది. వేరేది దొరకలేదు.

మార్చి 8. ఆదివారం.

చర్చిలో పూజ నుంచి రాగానే మా అరుగు మీద కూడాం. నరసింహం ఇంటి ఫ్రిజ్ సంగతి తేల్చాను. మొన్న ఒక పూట వాళ్ళింట్లో మిగతావన్నీ ఆపించి మీటరు చూశాను. పాతది, పెద్దది. నెలకు డెబ్బై యూనిట్లు అదొక్కటే తింటోంది.

"నరసింహం, మీ ఫ్రిజ్ ఆపేయండి. మీ పాలూ పెరుగూ మా దాంట్లో పెట్టుకోండి. గోడ దాటితే మా వంటిల్లే కదా" అన్నాను.

అతని భార్య పద్మకుమారి కొంగు సర్దుకుంది. "మీరు ఏమీ అనుకోకండి టీచరు గారూ. మీ ఇంట్లో చేపలూ అవీ..."

"ఈరోజు నుంచి మా ఫ్రిజ్‌లో చేప ఉండదు, మాంసం ఉండదు. తెచ్చిన పూటే వండుకుని తినేస్తాం."

షెకీనా ముఖం మాడ్చుకుంది. మాడ్చుకోనీ.

"ఈయన మందు కూడా ఉంటాది కదండీ. ఇన్సులిన్."

"అది అన్నిటికంటే జాగ్రత్తగా ఉంటుంది. నా పూచీ."

"టీచరు గారు సెప్పేక ఇంకేటి పద్మా" అన్నాడు నరసింహం. "తొమ్మిదో క్లాసులో ఆవిడ సెప్పింది తప్పని రుజువు సేసినోడు ఒక్కడూ లేడు."

నలభై ఏడేళ్ళవాడు. ఇప్పటికీ నేను లేచి నిలబడితే తానూ లేచి నిలబడతాడు.

మార్చి 9. సోమవారం.

ఫ్రిజ్ సోడా నీళ్ళతో రెండుసార్లు కడిగాను. పై అర వాళ్ళకు, కింది అర మాకు. ఫ్రీజర్‌లో మేమెప్పుడూ మంచు ట్రే తప్ప ఇంకేదీ పెట్టలేదు. మా ఇంట్లో నీచు తగలని చోటు ఏదైనా ఉందంటే అదే. కొత్త స్టీలు డబ్బా ఒకటి తీసి, ఇన్సులిన్ సీసా అందులో పెట్టి, ఆ డబ్బా ఫ్రీజర్‌లో పెట్టాను. పద్మకుమారి చూసి, "మా ఇంట్లో కూడా ఇంత శుభ్రంగా పెట్టలేదండీ" అంది. ఆ అమ్మాయి నోట ఆ మాట రావడం నాకు సంతోషమే.

సీసా వచ్చిన అట్టపెట్టె డబ్బాలో పట్టలేదు. కత్తిరిస్తే లోపలివైపు తెల్లగా ఉంది. నెలల పేర్లతో గడులు గీసి సందు పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకున్నాను. కాగితం పారేయడం కూడా పొగే.

మార్చి 12.

రాత్రి పది నుంచి ఉదయం అయిదు దాకా ఫ్రిజ్ ఆపుతున్నాను. ఫ్రీజర్‌లోని మంచే చల్లదనం నిలుపుతుంది. మందు ఎలాగూ మంచు పక్కనే ఉంది. రెండిళ్ళ సామాను మోస్తూ కూడా మా అంకె తగ్గాలి. లెక్క రాసే మనిషి ఇంటి అంకే పెరిగితే ఎవరు వింటారు? ఇది ఎవరికీ చెప్పనవసరం లేదు.

మార్చి 21. శనివారం.

సాయంత్రం పద్మకుమారి మందుకు వచ్చేసరికి సీసా గడ్డకట్టి ఉంది. ఈ పది రోజుల్లో ఇది నాలుగోసారి. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని పూర్తిగా కరిగేదాకా ఉండి ఇచ్చాను. పది నిమిషాలు పట్టింది. అంత సేపూ ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడే ఉంది. సీసా అందుకుని కళ్ళకద్దుకుంది.

ఏప్రిల్ 1. బుధవారం.

మార్చి వాడకం. మాది 96. నరసింహానిది 171. సన్యాసిరావు 60. తలుపులమ్మ 18. మొత్తం 345. ఒక్క నెలలో 105 తగ్గింది.

సన్యాసిరావు డ్రమ్ముకు నల్లరంగు వేసి మేడ మీద ఎండలో పెట్టాడు. వేన్నీళ్ళ హీటరు ముట్టుకోవడం లేదట. "మా ఆవిడ నన్ను కూడా నల్లరంగేసి ఎండలో పెడతాదేమో టీచరమ్మగారూ" అంటాడు. మంచివాడే, మాటలెక్కువ.

ఏప్రిల్ 10. శుభ శుక్రవారం.

ఉపవాసం. చర్చిలో సిలువ మార్గం ప్రార్థన నుంచి వచ్చేసరికి పద్మకుమారి మా అరుగు మీద కూర్చుని ఏడుస్తోంది. పోయిన వారం మార్కెట్‌లో వేలంపాట దగ్గర బెల్లం దిమ్మ జారి నరసింహం కాలి బొటనవేలి మీద పడిందట. ఆ పుండు మానడం లేదు. రక్తపరీక్ష చేయిస్తే షుగరు 280. ఎప్పుడూ 160 దాటని మనిషి.

"తింటన్నాడండీ. దుకాణంలో రుచి సూసే వంక పెట్టుకుని తింటన్నాడు. నాకు తెలీదా?"

బెల్లం షావుకారు ప్రతి దిమ్మ నుంచీ చిటికెడు గిల్లి నాలిక మీద పెట్టుకుంటాడు. ఆ రుచిని బట్టే రకం తేలుస్తాడు, పాట పాడతాడు. అతని నాన్న అలాగే చేశాడు, తాతా అలాగే చేశాడు. ఇరవై ఏళ్ళుగా ఇతనూ నాలిక మీద పెట్టి ఉమ్మేసే మనిషే.

రోజుకు ఎన్ని దిమ్మలో కనుక్కోవాలి.

ఏప్రిల్ 14. మంగళవారం.

ఈరోజు అరుగు మీద నలుగురి ముందూ నరసింహాన్ని అడిగాను. మందు సమయానికి వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నానన్నాడు. డాక్టరు ఉదయం మందు మోతాదు ఇరవై నుంచి ఇరవై ఆరుకు పెంచాడట. అన్నం తగ్గించాను, రాత్రి రొట్టే అన్నాడు.

"అయితే షుగరు ఎలా పెరిగింది?"

"అదే అర్థం కావట్లేదు టీచరు గారూ."

"మందు లోపలికి వెళుతోంది. అన్నం తగ్గింది. ఇక మిగిలింది ఒక్కటే. నువ్వు మింగుతున్నావు."

"లేదండీ. ఉమ్మేత్తన్నాను. ఎప్పుడూ అంతే."

"నరసింహం, అబద్ధం చెప్పకు. ఈ వయసులో బాగోదు."

సన్యాసిరావు నేల చూశాడు. పద్మకుమారి "అలా అడగండి, అలా అడగండి" అంది. నరసింహం మా షెకీనాకన్నా చిన్నపిల్లవాడిలా తల దించుకున్నాడు. కఠినంగానే అడిగాను. అవసరం.

ఏప్రిల్ 23. గురువారం.

నరసింహం వారంగా మార్కెట్‌కు వెళ్ళడం లేదు. అతని బదులు గుమాస్తా రుచి చూస్తున్నాడట. గుమాస్తా నాలికకు మంచి రకమూ నాసిరకమూ ఒకటేనని సన్యాసిరావు చెప్పాడు.

ఇంట్లోనే ఉన్నాడు. గడప దాటడం లేదు. అయినా షుగరు 340.

ఎవరిచేతనో తెప్పించుకుంటున్నాడేమో.

ఏప్రిల్ 24.

తెప్పించుకుంటున్నాడు. ఇంకెలా పెరుగుతుంది?

మే 1. శుక్రవారం.

ఏప్రిల్ వాడకం. మాది 90. నరసింహానిది 158. సన్యాసిరావు 63, ఎండలు కదా. తలుపులమ్మ 17. మొత్తం 328. ఇంకో 28 తగ్గాలి.

సీసా అయిపోతే పద్మకుమారి కొత్తది తెచ్చింది. అదీ స్టీలు డబ్బాలోనే పెట్టాను, అదే చోట.

మే 9. శనివారం.

బొటనవేలు నల్లబడింది. షుగరు 412. ఉదయం కారులో విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కారెక్కే ముందు నరసింహం మా గుమ్మం వైపు చూసి చేతులు జోడించాడు. "వత్తాను టీచరు గారూ."

"నోరు కట్టుకో" అన్నాను. వెళ్ళిరా అనాల్సింది.

పక్కిల్లు తాళం.

మే 12. మంగళవారం.

షెకీనా సందు పుస్తకం పట్టుకుని గ్రాఫు గీస్తోంది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను.

"మామ్మా, ఈ అట్టముక్క దేనిది?"

"నరసింహం మందుది. ఎందుకు?"

"వెనక ఏదో ఉంటేనూ." తిప్పి ఇంగ్లీషు చదివి, నాకు తెలుగులో చెప్పింది. "రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలంట. గడ్డకట్టనివ్వకూడదంట."

"ఇంకోసారి చదువు."

చదివింది.

"మామ్మా, మనం ఫ్రీజర్‌లోనే కదా..."

"అది వేరే రకం మందు" అన్నాను. "పాత అట్ట అది. ఇలా ఇయ్యి."

ఇచ్చేసింది. దానికి పదహారేళ్ళు. నా మాట నమ్మింది.

నా గడులు వంకర లేకుండా ఉన్నాయి. ఫిబ్రవరి 112, మార్చి 96, ఏప్రిల్ 90. వాటి వెనకవైపే ఆ మాట అచ్చులో ఉంది. రెండు నెలలు రోజూ నా వేళ్ళ కింద ఉంది. పరీక్షలో ప్రశ్న మొత్తం చదవకుండా జవాబు రాసిన పిల్లలను బెంచీ ఎక్కించేదాన్ని.

మే 13. బుధవారం.

మెయిన్ రోడ్డులో మందుల దుకాణానికి వెళ్ళాను. మా సందు వాళ్ళు వెళ్ళే దుకాణం కాదు. ఇన్సులిన్ గడ్డకట్టి మళ్ళీ కరిగితే పనిచేస్తుందా అని అడిగాను.

"పనికిరాదండీ. దాని బలం నమ్మడానికి లేదు. పారేసి కొత్తది కొనుక్కోండి" అన్నాడు కుర్చీలో ఆయన. "మీకేనా?"

"కాదు" అన్నాను.

ఒకటి: ఫ్రీజర్‌లో పెట్టింది నేను. రెండు: అట్ట చదవనిది నేను. మూడు: గడ్డకట్టిందని కళ్ళతో చూసీ కరిగించి ఇచ్చింది నేను. నాలుగు: రాత్రి ఆపడం. ఆపినప్పుడు కరిగింది, వేసినప్పుడు మళ్ళీ గడ్డకట్టింది, ఎన్నిసార్లో. అయిదు: అతన్ని అబద్ధాలకోరు అన్నది నేను.

మే 15. శుక్రవారం.

పద్మకుమారి బట్టల కోసం వచ్చింది. బొటనవేలు తీసేశారు. పాదం నిలిచింది.

"సూసేరా టీచరు గారూ? ఆసుపత్రిలో ఇన్సులిన్ మొదలెట్టిన నాలుగు రోజులకి షుగరు 170కి దిగిపోయింది. అక్కడ బెల్లం ఎక్కడ దొరుకుతాది? మీరన్నదే నిజం. డాక్టరు గారికి కూడా అదే సెప్పేను. ఆయన ఎదురుగానే సెప్పేను, సిగ్గు రావాలని."

"అతనేమన్నాడు?"

"గోడేపు తిరిగి పడుకున్నాడు."

నేను నోరు తెరిచాను. ఆ అమ్మాయి బస్సుకు టైమైందని లేచింది. బస్సు టైము కాలేదు, నాకు తెలుసు. ఆపలేదు.

మే 16.

చెప్పలేదు.

మే 17. ఆదివారం.

పూజకు వెళ్ళాను. ఒప్పుకోని తప్పుతో దివ్యసత్ప్రసాదపు అప్పం తీసుకోలేదు. షెకీనా చూసింది.

మే 18.

అతను ఇంకా ఆసుపత్రిలో ఉన్నాడు. రోగికి ఇప్పుడు చెబితే మనసు పాడవుతుంది. తిరిగి వచ్చాక చెప్పడమే మంచిది.

మే 19.

నిన్న రాసింది ఒక సాకు. కొట్టివేయను, ఉండనీ.

మే 24. ఆదివారం.

నరసింహం ఇంటికి వచ్చాడు. చెప్పాలనే వెళ్ళాను. మంచం మీద ఉన్నాడు, కాలు దిండు మీద. పద్మకుమారి మజ్జిగకు లోపలికి వెళ్ళింది. నేను మాట మొదలుపెట్టేలోపు అతనే అందుకున్నాడు.

"టీచరు గారూ, ఒక మాట. అక్కడ పడుకుని అదే ఆలోసించేను. నేను మింగేనేమోనండీ."

"ఏమిటి?"

"ఇరవై ఏళ్ళ అలవాటు కదా. నోరు దానంతటదే మింగేసిందేమో. నాకు తెలీకుండా. లేపోతే మీరెందుకంటారు, పద్మ ఎందుకంటాది, డాక్టరు గారెందుకంటారు? ముగ్గురూ తప్పు సెప్పరు కదా." కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంక మార్కెట్‌కి ఎల్లను. నా నోటి మీద నాకే నమ్మకం పోయింది. దుకాణం గుమాస్తాకి అప్పజెప్పేత్తాను."

పద్మకుమారి మజ్జిగ తెచ్చింది. తాగాను. వచ్చేశాను. ఆసుపత్రి నుంచి తెచ్చిన కొత్త సీసా ఫ్రీజర్‌లో కాక పై అరలో పెట్టాను, రాత్రి ఫ్రిజ్ ఆపలేదు.

వేలు పోయింది. ఇప్పుడు ఆ మనిషి తన నోరే తనకు అబద్ధం చెప్పిందనుకుంటున్నాడు. ఎందుకంటే టీచరు చెప్పింది.

ఆదివారం అందరినీ పిలుస్తాను. అతన్ని అన్నది నలుగురిలో. చెప్పేది కూడా నలుగురిలోనే.

మే 30.

రేపు.

మే 31. ఆదివారం.

నరసింహం కర్ర ఊతంతో వచ్చాడు. నేను నిలబడ్డాను. తరగతిలోనూ ఎప్పుడూ కూర్చుని చెప్పలేదు. అట్టముక్క షెకీనాకు ఇచ్చి వెనకవైపు చదవమన్నాను. చదివింది, అర్థం చెప్పింది. "అది వేరే రకం మందని మొన్న నీతో అన్నాను. అబద్ధం" అని దానికి ముందు చెప్పాను. తరవాత మే 13న రాసుకున్న అయిదూ వరసగా చెప్పాను. రాత్రి ఫ్రిజ్ ఆపిన సంగతి చెబుతున్నప్పుడు సన్యాసిరావు తలెత్తి చూశాడు. మా అంకె ఎలా తగ్గిందో అతనికి తెలిసింది.

"ఓలమ్మో" అంది తలుపులమ్మ.

పద్మకుమారి నా చేతుల వైపు చూసింది. "రోజూ రెండు పూటలా వచ్చి మీ సేతిలోంచి తీసుకున్నాను. మీ సేతుల్లో పెట్టుకుని కరిగించి ఇచ్చేరు. కళ్ళకద్దుకుని తీసుకెళ్ళేను."



ఆ అమ్మాయి లేచి మా వంటింట్లోకి వెళ్ళింది. పాలగిన్నె, పెరుగు, మందు సీసా, స్టీలు డబ్బా తెచ్చింది. డబ్బా నాదే. డబ్బా కింద పెట్టి, మిగతావి పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

నరసింహం కూర్చునే ఉన్నాడు. కర్ర రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"అయితే నేను మింగలేదన్నమాట" అన్నాడు.

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"నువ్వు ఉమ్మేస్తున్నానని చెప్పావు. అది నిజం. మందు పనిచేయలేదు, అంతే."

"నన్ను అబద్ధాలకోరన్నప్పుడు అందరూ ఉన్నారు టీచరు గారూ. పద్మ కూడా ఉంది. ఇప్పుడు ఆవిడ ఎల్లిపోయింది. ఆవిడకి కూడా ఇనబడేలా సెప్పండి."

నేను గోడ దగ్గరకు నడిచి, వాళ్ళ పెరటి వైపు తిరిగి, గొంతెత్తి చెప్పాను. "అప్పలనరసింహం అబద్ధం ఆడలేదు. అతన్ని ఆ మాట అన్న నేనే తప్పు."

గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

తిరిగి వచ్చేసరికి అతను సన్యాసిరావు భుజం పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. "రేపు నన్ను మార్కెట్‌కి ఆటోలో ఎక్కించాలిరా బావ" అంటున్నాడు. "గుమాస్తా నాసిరకం దిమ్మలు ఎన్ని కొని పెట్టేడో."

"మరి పుండు, షావుకారూ?"

"పుండు కాలికి కదా. నోటికి కాదు."

నా వైపు తిరగలేదు.

జూన్ 1. సోమవారం.

మే వాడకం. మాది 86. సన్యాసిరావు 66. తలుపులమ్మ 17. సన్యాసిరావు ఇంటా తలుపులమ్మ ఇంటా నేనే వెళ్ళి చూసి వచ్చాను. తలుపులమ్మ ఒక ఇడ్లీ ఆకులో పెట్టి చేతికిచ్చింది. వద్దంటే, "తినండి టీచరమ్మా, రాతిరి తినుండరు" అంది.

నరసింహం ఇంటి మీటరు వాళ్ళ వరండాలో ఉంది. గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. గడి ఖాళీగా వదిలి కూర్చున్నాను. గోడ అవతల వాళ్ళ పాత ఫ్రిజ్ రొద వినబడుతోంది.

పదకొండు గంటలకు గోడ మీదుగా పద్మకుమారి గొంతు వినిపించింది.

"తొంభై ఒకటి."

టీచరు గారూ అనలేదు. నేను లేచి గోడ దగ్గరకు వెళ్ళేసరికి ఆ అమ్మాయి అక్కడ లేదు.

మొత్తం 260. లక్ష్యం 300. "సాధించాం" అని సందు పుస్తకంలో రాసి, కొట్టివేసి, కింద ఇలా రాశాను: నరసింహం ఇల్లు పదిహేను రోజులు తాళం వేసి ఉంది. కారణం ఈ పుస్తకం రాసేవారి తప్పు. మా ఇంటి మార్చి, ఏప్రిల్, మే అంకెలు ఫ్రిజ్ ఆపి తగ్గించినవి, లెక్కలోకి రావు.

అట్టముక్క ఆ పేజీకే అంటించాను. గడులు లోపలికి, అచ్చు పైకి.

వచ్చే నెల మొత్తం పెరుగుతుంది. పెరిగిందనే రాస్తాను, ఆ అమ్మాయి అంకె చెబితే.